ప్రయోగాన్ని వైద్యమని అమ్మనివ్వకండి



మూలకణాలతో, అంటే స్టెమ్ సెల్స్‌తో, నిజంగానే నయమయ్యే జబ్బులున్నాయి. మన వెల్లూరు సి.ఎం.సి.లో 1986 నుంచి మూలుగ మార్పిడి చేస్తున్నారు. తలసేమియా పిల్లలెందరో దానివల్ల బ్రతికారు. ఆ జబ్బు రక్తం తయారయ్యే చోటే ఉంటుంది కాబట్టి కొత్త మూలకణాలు కొత్త రక్తాన్ని తయారు చేస్తాయి.

ఆటిజం అలాంటిది కాదు. అది మెదడు ఎదిగే తీరులో తేడా. అయినా పరిశోధకులు ప్రయత్నించారు. ప్రయత్నించడం తప్పు కాదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు మొదట 25 మంది పిల్లలకు బొడ్డుతాడు రక్తం ఎక్కించారు. చాలామందిలో మెరుగు కనిపించిందని 2017లో చెప్పారు. తరువాత 180 మందితో గట్టి పరీక్ష పెట్టారు. కొందరికి ఆ రక్తం, కొందరికి ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది ఇచ్చారో తల్లిదండ్రులకు తెలియదు. 2020లో ఫలితం వచ్చింది. వారు ముఖ్యంగా కొలిచింది నలుగురితో కలిసే నేర్పును. అందులో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

పిల్లలు ఎలాగూ ఎదుగుతుంటారు, శిక్షణ సాగుతుంటుంది, కన్నవారు ఆశతో చూస్తారు. అందుకే పోల్చి చూడకుండా మందు పనిచేసిందని చెప్పలేం.

ఇక న్యాయం సంగతి. రుజువు కాని మూలకణ చికిత్సను అనుమతి పొందిన పరీక్షలోనే చేయాలనీ, అందులో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదనీ భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా లక్షలు కట్టించుకుని, పసివాడికి మత్తిచ్చి, తుంటి ఎముకలోంచి మూలుగ తీసి వెన్నులోకి ఎక్కించినవారు మన దేశంలో ఉన్నారు. బంగారం తాకట్టు పెట్టేది తల్లి. సూది పడేది తన నొప్పి చెప్పుకోలేని బిడ్డకు.

కాబట్టి అడగండి: ఇది పరీక్షా, చికిత్సా? పరీక్షయితే సి.టి.ఆర్.ఐ. నమోదు సంఖ్య ఏది? ఫీజు ఎందుకు? జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

ఆ డబ్బు మాటల శిక్షణకు, ఆక్యుపేషనల్ థెరపీకి పెట్టండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, ధ్రువపత్రం తీసుకోండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తుంది, థెరపీలకు కూడా.

యౌవనస్థులారా, మీకొక పని. మన తల్లులకు ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో తమిళమో కన్నడమో, సంతకం పెట్టే కాగితం మాత్రం ఇంగ్లీషు. మీరు వెంట వెళ్లండి. ఆ కాగితం ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించండి. తనకు అర్థమైందని ఆ తల్లి అన్నాకే కలం ఆమె చేతికివ్వండి.