సాక్షి సమను వచ్చినప్పుడు



ఒక వర్తకుడు అంగడిలో కూర్చుండి యుండగా, కోర్టు బంట్రోతు వచ్చి సమను అందించినాడనుకొందము. దావా అతనిది కాదు. ఎవరో ఇద్దరు భాగస్వాముల తగవు. అయినను అతని పదియేండ్ల చిట్టాలును, ఆవర్జాలును సమస్తము తెమ్మని అందున్నది. ఇట్టి వేళ కొందరు భయపడి అన్నియు మోసికొని పోదురు. కొందరు “మనకేల ఈ గొడవ” యని ఊరకుందురు. ఊరకుండుట మరింత ప్రమాదకరము. సమను కోరినది కక్షిదారుడే యైనను, ఆజ్ఞ న్యాయస్థానముది. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు ననుసరించి, ధిక్కరించినవానిపై వారంటు పంపవచ్చును. ఆస్తి జప్తు చేయవచ్చును. 5,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చును.

మూడవ మార్గమొకటి కలదు: సమను పీడాకరముగా నున్నదని ఆ న్యాయస్థానమునకే విన్నవించుకొనుట.

మా వృత్తికి దగ్గరి ఉదాహరణ మొకటి చెప్పెదము. ఇంగ్లండులోని విండ్సరులో 1974లో జరిగిన సంగీతోత్సవమున పోలీసులు తనను కొట్టిరని ఒకరు నష్టపరిహారమునకు దావా వేసిరి. ఐ.టి.ఎన్. అను టెలివిజన్ వార్తాసంస్థ అచట తీసిన ఫిల్మునంతయు తెప్పింపుమని సమను పంపించిరి. 1975లో అప్పీలు న్యాయస్థానము, అది హద్దు మీరినదనియు, పీడాకరమనియు రద్దు చేసెను. అయితే వార్తాసంస్థలు సాక్ష్యమే ఈయనక్కరలేదని మాత్రము చెప్పలేదు.

మన కోడులోని 16వ ఆర్డరును ఈ దృష్టితోనే చదువవలెను. ఏ పత్రము కావలయునో సమనులో తగినంత స్పష్టముగా వ్రాయవలెను. పత్రము మాత్రమే కోరినచో, దానిని ఇంకొకరిచేత పంపినను చాలును. సాక్షి రాకపోకల ఖర్చును పిలిపించు కక్షిదారుడే ముందుగా కోర్టులో కట్టవలెను. న్యాయప్రక్రియ దుర్వినియోగము కాకుండ అడ్డుకొను అధికారము కోర్టునకు కలదని 151వ సెక్షను చెప్పుచున్నది.

కావున మన వర్తకుడు వాయిదాకు ముందే వకీలును సంప్రదించి అర్జీ పెట్టుకొనవలెను. “ఇబ్బంది” యని ఒక్కమాట చెప్పిన చాలదు. ఏ పుస్తకములు ఆ తగవునకు సంబంధింపవో, అన్నియు తెచ్చినచో వ్యాపారమెట్లు నిలిచిపోవునో, వేనిని తాను ఈయగలడో వివరింపవలెను. అర్జీ పెట్టినంతమాత్రమున సమను రద్దు కాదు. ఉత్తరువు వచ్చువరకు దానికి బద్ధుడే.

ఒకరికి న్యాయము చేకూర్చుటకై వేరొకరిని నలుపరాదు. అట్లని అందరును తప్పించుకొనినచో, రేపు మన దావాకు సాక్షి ఎచటనుండి వచ్చును?