స్పానిష్ వ్యాకరణము: తెలుగువారి త్రోవ

సికింద్రాబాదుకు చేరువన, తార్నాక వద్ద, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము కలదు. 1958లో ఆంగ్ల బోధనకై వెలసిన ఆ సంస్థలో నేడు స్పానిష్ కూడ నేర్పుచున్నారు. తొలి పాఠములు ముగించినవారిని ఈ భాషలో చిక్కుపెట్టునవి రెండు: సర్వనామములు, క్రియారూపములు. వీనికి ఆంగ్లము తోడ్పడుట తక్కువ. ముందుగా తెలుగు నడుగుదము.

"వచ్చితిమి" అన్నచో "మేము" అని వేరుగ చెప్పుట మనకు అనవసరము. స్పానిష్‌లోను అంతే, కర్త యెవరో క్రియ చివరనే తెలియును. మన "నీవు, మీరు" వలెనే వారికి "తూ, ఉస్తెద్" కలవు. అయితే "ఉస్తెద్" ప్రక్కన "అతడు, ఆమె" అనువానికి తగిన క్రియయే చేరును. ఏల? ఆ మాట "తమ దయ" అను అర్థముగల పాత పదబంధమునుండి పుట్టినది. ఎదుట నున్నవారినే "ఏలినవారు విచ్చేసినారు" అని పలికిన తెలుగువారికి ఇది వింత కాదు.

ఇక క్రియ. "వ్యాకరణమును వివరించు పుస్తకమును వెదకుచున్నాము" అందుము. ఆ పుస్తకము మన మెరిగినదా, అట్టిది ఏదైనను చాలునా? తెలుగు వాక్యము చెప్పదు, స్పానిష్ చెప్పును. ఎరిగినదైనచో "ఎక్స్‌ప్లీక", ఏదైనను చాలునన్నచో "ఎక్స్‌ప్లీకె". మొదటిది నిశ్చయార్థకము, రెండవది సంభావనార్థకము. ఎదుటివారు రావలెనని కోరునపుడును ఈ రెండవదియే వాడవలెను. ఒక్క అచ్చు మారినచో, ఏదో ఒకటి కోరి వెళ్లిన మనలను పుస్తక విక్రేత "దాని పేరేమి?" అని అడుగును.

ఇచట మాత్రము తెలుగు తోడురాదు. కనుక నోరు విప్పుటకు ముందు, "ఉన్నదానిని చెప్పుచున్నామా, కోరుదానినా?" అని మనలను మనమే ప్రశ్నించుకొందము.