అసలు దాచి, నకలు తగ్గించి



ఆచార్య కామిశెట్టి రామమోహనరావు గారిని తలచుకోవడానికి ఈ సాయంత్రం రాజమహేంద్రవరంలో కలిశాం. శాస్త్రలోకానికి ఆయన కె.ఆర్. రావు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 2021 జనవరిలో కన్నుమూశారు. ఆయన పేరు విననివాళ్ల ఫోన్లలో కూడా ఆయన పాలుపంచుకున్న గణితం పనిచేస్తూనే ఉంది. పెళ్లి వీడియో సైజు తగ్గించి బంధువులకు పంపేటప్పుడు మనకు సాయపడేది ఆ గణితమే. అది గోదావరి గట్టు దాకా ఎలా వచ్చిందో, దాన్ని వాడుకునేవాళ్లుగా మన బాధ్యత ఏమిటో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకు ఒక ప్రతిపాదన పంపారు. కొసైన్ తరంగాలతో బొమ్మను కుదించవచ్చన్నది ఆయన ఆలోచన. నిధులు రాలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని పరిశీలకుల్లో ఒకరు అన్నట్టు అహ్మద్ తర్వాత రాసుకున్నారు. అయినా ఆయన ఆగలేదు. శిష్యుడు నటరాజన్‌ను, మిత్రుడు రావుగారిని కలుపుకొని 1973లో పని పూర్తిచేశారు. 1974 జనవరిలో నాలుగు పుటల వ్యాసం అచ్చయింది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ, అలా లోకానికి అందింది.

డీసీటీ చేసే పని ఇది. బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా విడదీస్తారు. ఒక్కో గడిలోని 64 చుక్కల వెలుగును 64 తరంగాల మొత్తంగా రాస్తారు. బొమ్మ సారమంతా సాధారణంగా మొదటి కొద్ది తరంగాల్లోనే ఒదిగిపోతుంది. మిగిలినవి సన్నని వివరాలు. వాటిలో మన కన్ను అంతగా పట్టించుకోనివాటిని మోటుగా రాస్తారు, లేదా వదిలేస్తారు. వీడియోలో దీనికి మరో ఉపాయం తోడవుతుంది. పుష్కర ఘాట్ నుంచి తీసిన దృశ్యంలో ఆర్చి వంతెన కదలదు. దాన్ని ప్రతి ఫ్రేములోనూ మళ్లీ రాయనక్కరలేదు; ముందు ఫ్రేములో ఉన్నదే ఇక్కడా ఉందని ఒక మాట రాస్తే చాలు. కదిలే పడవకు ఎటు, ఎంత జరిగిందో రాస్తారు.

ఈ పొదుపు ఎంతో లెక్క చూడండి. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న వీడియో సెకనుకు 25 ఫ్రేములతో గంటసేపు నడిస్తే, ఏ కుదింపూ లేకుండా దాదాపు 280 గిగాబైట్లు. హెచ్.264 పద్ధతిలో సెకనుకు 8 మెగాబిట్లు చొప్పున రాస్తే అదే గంట మూడున్నర గిగాబైట్లకు కాస్త పైన.

మన ప్రాంతంలో వీడియో చరిత్రకు మైలురాళ్లు గోదావరి పుష్కరాలే. 1991 పుష్కరాల నాటికి వీడియో అంటే వీహెచ్‌ఎస్ క్యాసెట్. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు కాపీ చేసిన కొద్దీ బొమ్మ మసకబారేది. 1993లో ఎంపెగ్-1 ప్రమాణం వచ్చింది. దాని మీదే నిలిచిన వీసీడీ 352 చుక్కల వెడల్పున్న చిన్న బొమ్మతో గంటకు పైగా వీడియోను ఒక్క బిళ్లలో పట్టించింది. 2003 పుష్కరాలు జులై చివర మొదలయ్యాయి. ఆ ఏడాది మే నెలలోనే హెచ్.264కు ఆమోదం లభించింది. 2015 పుష్కరాల నాటికి భక్తుల చేతుల్లోని ఫోన్లే కెమెరాలయ్యాయి. అప్పటికి రెండేళ్ల ముందే, హెచ్.264 నాణ్యతనే సుమారు సగం సైజులో ఇవ్వగల హెచ్.265 వచ్చింది. 2018లో ఏవీ1 వచ్చింది. వీటన్నిటికీ మూలంలో డీసీటీ కుటుంబమే ఉంది.

అయితే ఈ పద్ధతులన్నిటికీ గట్టి పరీక్ష మన నదే. అలలు, స్నానాల తుంపర్లు, మునిగి లేచే జనం: ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము కొత్తది. ముందు ఫ్రేము నుంచి తెచ్చుకునేది తక్కువ. బిట్‌రేట్, అంటే సెకనుకు రాసే బిట్ల లెక్క, చాలకపోతే నీళ్లు గళ్లుగళ్లుగా విరిగిపోతాయి, దూరాన ఉన్న ముఖాలు అలుక్కుపోతాయి. కాబట్టి సైజు తగ్గించిన వీడియోను వంతెన వైపు చూసి మెచ్చుకోకండి. నీళ్ల వైపు, ముఖాల వైపు చూసి తేల్చండి.

ఇక రీ-ఎన్‌కోడింగ్. ఉన్న ఫైలును విప్పి, మళ్లీ ఫ్రేములుగా మార్చి, మరోసారి కుదించడమే ఆ పని. మొదటిసారి వదిలేసినవి ఇందులో తిరిగి రావు. ఈసారి ఇంకొన్ని పోతాయి. బిట్‌రేట్ పెంచినా ఫైలు పెరుగుతుందే గాని పోయిన వివరం రాదు. మరలో పాలిష్ పట్టిన బియ్యానికి తవుడు మళ్లీ అంటదు. అందుకే డెల్టా రైతు విత్తన ధాన్యాన్ని మరకు పంపడు. కెమెరా రాసిన అసలు ఫైలు మనకు ఆ విత్తనం.

చేయాల్సింది కష్టమేమీ కాదు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్, దాని తర్వాత వచ్చిన హ్యాండ్‌బ్రేక్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. బిట్‌రేట్ గుడ్డిగా కట్టేయకుండా సీఆర్ఎఫ్ అనే నాణ్యత అంకె ఎంచుకోండి. అంకె తగ్గితే నాణ్యతా సైజూ పెరుగుతాయి. వాటిలో హెచ్.264 రాసిపెట్టే ఎక్స్264లో మామూలుగా ఉండే అంకె 23. నెమ్మది ప్రీసెట్ పెడితే కంప్యూటర్ ఎక్కువసేపు ఆలోచించి, ఉన్న చోటునే మరింత బాగా వాడుకుంటుంది. ఎప్పుడూ అసలు నుంచే, ఒక్కసారే కుదించండి. వాట్సాప్‌లో వచ్చిన నకలును మళ్లీ కుదించకండి. కొత్త ఫైలు చివరిదాకా చూడకుండా పాతది చెరపకండి.

ఈ ఊరికి 1936లోనే దుర్గా సినీటోన్ స్టూడియో ఉండేది. అయినా తెలుగువారు తీసిన తొలి చిత్రాల్లో చాలావాటికి ఈనాడు ఒక్క ప్రతీ లేదు. ‘భీష్మప్రతిజ్ఞ’ అలా పోయినదే. ఆనాడు దాచే వసతి తక్కువ. ఈనాడు ఆ సాకు చెల్లదు. 2027లో పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. ఈలోగా 1991 క్యాసెట్లు, 2003 బిళ్లలు ఎవరింట ఉన్నా కంప్యూటర్‌లోకి ఎక్కించి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. 1898 నుంచి పుస్తకాలను కాపాడుతున్న గౌతమీ గ్రంథాలయం వంటి చోట ఈ ఊరి వీడియోల అసలు ప్రతులకూ ఒక అర ఉండాలని నా కోరిక. రావుగారు మనకు తగ్గించే విద్య ఇచ్చారు. దేన్ని తగ్గించకూడదో నిర్ణయించవలసింది మనం.