నీటిలో కరిగిన లోహానికి నాచు వల

సూక్ష్మ శైవలాలంటే కంటికి ఆనని నాచు కణాలు. వాటి కణకవచం మీది కార్బాక్సిల్, ఫాస్ఫేట్ సమూహాల రుణావేశానికి నీటిలోని రాగి, నికెల్ అయాన్లు అతుక్కుంటాయి. నాచు బతికి ఉండనక్కరలేదు, ఎండిన పొడి చాలు. తర్వాత ఆమ్లంతో కడిగితే లోహం విడివడుతుంది. బంగారం మొండిది, దానికి థయోయూరియా కావాలి.

జంషెడ్‌పూర్‌లో పారే సువర్ణరేఖ ఇసుకను కడిగి బంగారు రేణువులు ఏరడం పాత వృత్తే. కరిగిన లోహం అలా చిక్కదు. అదే ఊళ్లో 1950లో ప్రారంభమైన జాతీయ లోహశోధన ప్రయోగశాల పాత ఎలక్ట్రానిక్ సామాను నుంచి లోహాలు రాబట్టే పద్ధతులు రూపొందించింది. ఇలాంటి పనుల్లో వచ్చే ద్రావణాలు తరచు ఘాటైన ఆమ్లాలు. బతికున్న నాచునే వాడాలంటే, మామూలు నాచు వాటిలో బతకదు. వేడి ఆమ్ల ఊటల్లో పెరిగే గాల్డియేరియా అనే నాచు బతుకుతుంది. అది ఆమ్లజలం నుంచి బంగారం, పల్లేడియం పట్టగలదని జపాన్ పరిశోధకులు చూపారు.