పంచాయతీలు కలిసి అప్పు తెచ్చుకుంటే

(మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కోతల మీద వాన పడితే మన ధాన్యం ఎక్కడుంటుందో మీకు చెప్పక్కర్లేదు. రోడ్ల మీద, పరదాల కింద. తేమ ఎక్కువుందని తరుగు తీస్తుంటే మారుమాట్లాడకుండా ఇచ్చి వస్తున్నాం. ఊరికొక సిమెంటు కళ్లం, నాలుగూళ్లకొక గోదాము ఉంటే ఆ తరుగులో చాలా భాగం మన దగ్గరే మిగులుతుంది.

పంచాయతీని అడిగితే డబ్బుల్లేవంటుంది. అది అబద్ధమేమీ కాదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం మంచినీళ్లకు, పారిశుధ్యానికే పెట్టాలన్నారు. మిగతా 40 శాతంతో చిన్న పంచాయతీ గోదాము కట్టగలదా?

అప్పు తెచ్చుకోవడానికి చట్టంలో దారి ఉంది. 1914 నాటి స్థానిక సంస్థల రుణాల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతితో తమ రాబడిని హామీగా చూపి అప్పు చేయవచ్చు. తెల్లదొరల కాలపు చట్టమే అయినా, కరువు పనులకు కూడా అప్పు చేయవచ్చని అందులో ఉంది. కానీ ఒక్క పంచాయతీ బ్యాంకుకు వెళితే మేనేజరు కూర్చోమని కూడా అనడు. అందుకే పది పంచాయతీలు కలిసి వెళ్లాలంటున్నాం.

తమిళనాడులో 2002లో 13 చిన్న పట్టణాలు ఇదే చేశాయి. నీళ్లకు, మురుగునీటి పనులకు ఉమ్మడి నిధి పేరున 30.41 కోట్ల రూపాయల బాండ్లు అమ్మారు. గడువు 15 ఏళ్లు, వడ్డీ 9.2 శాతం. ఒంటరిగా వెళితే వాటిలో చాలా పట్టణాలకు ఆ అప్పు పుట్టేది కాదు. వాయిదాలకు నిల్వ నిధి పెట్టారు. అసలులో సగానికి అమెరికా అభివృద్ధి సంస్థ హామీ ఇచ్చింది. ఏ పట్టణమైనా కట్టకపోతే, దానికి రావలసిన రాష్ట్ర ఆర్థిక సంఘం వాటాలోంచి పట్టుకోవచ్చని రాసుకున్నారు. 2006లో కేంద్రం ఇలాంటి పథకమే పెట్టింది గానీ, అదీ పట్టణాలకే. పల్లెల ఊసు లేదు.

మన ఆడవాళ్లు ఈ పని ఎప్పుడో చేసి చూపించారు. 2011లో మొదలైన స్త్రీనిధిలో మండల సమాఖ్యలు సభ్యులు, ప్రభుత్వానికీ వాటా ఉంది. పంచాయతీలకూ అలాంటిదొకటి కావాలని అడుగుతున్నాం.

అందులో చేరాలంటే ముందు గ్రామసభ తీర్మానం కావాలి. ఏ పనికి, ఎంత, ఏ రాబడితో తీరుస్తామో అందులో ఉండాలి. లెక్కలు ఆడిట్ అయి ఉండాలి. ఇంటి పన్ను వసూలు కాని పంచాయతీని ఎవరూ నమ్మరు, ఈ మాట మనకూ వర్తిస్తుంది. తర్వాత సభ్యత్వ వాటా, ప్రభుత్వ అనుమతి, ఒప్పందం. గోదాము అద్దె వేరే ఖాతాలో పడాలి, వాయిదా అందులోంచే పోవాలి.

అసలు పేచీ ఒకటుంది. గ్రాంటులోంచి పట్టుకుంటామనే షరతు లేకుండా అప్పిచ్చేవాడు ముందుకు రాడు. మనకేమో ఆ షరతంటేనే భయం. ఆర్థిక సంఘం డబ్బు తమకు చెప్పకుండా కరెంటు బకాయిలకు మళ్లించారని మన సర్పంచ్‌లు రోడ్డెక్కిన సంగతి మరిచిపోలేదు కదా. అందుకని ఒప్పుకున్న వాయిదా మించి ఒక్క రూపాయి ముట్టకూడదు, ముట్టే ముందు నోటీసు ఇవ్వాలి. పక్క ఊరు ఎగ్గొడితే మన వాటా ఎంతవరకు పోతుందో అంకెల్లో రాయాలి. నిధి పాలకవర్గంలో సగం మందికి తగ్గకుండా సర్పంచ్‌లు, రైతులు ఉండాలి. ఇవి లేకపోతే చేరవద్దనే మా సలహా.

ఈలోగా ఊరుకోనక్కర్లేదు. 2020లో కేంద్రం తెచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధిలో 2 కోట్ల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ ఏడేళ్లు ఉంది. సహకార సొసైటీలు నేరుగా అర్హులు. పంచాయతీ స్థలం చూపిస్తే సొసైటీ కట్టించవచ్చు.

అక్టోబరు 2 గ్రామసభకు మీ ఊరి కళ్లం, గోదాము లెక్క కాగితం మీద రాసుకుని రండి. తీర్మానం నకలు మండల కమిటీకి ఇవ్వండి. పది ఊళ్లవి చేతికొస్తే కలెక్టరు దగ్గరకు కలిసి వెళదాం.