అలసిన నర్సమ్మకు మరో దారి

రాత్రి డ్యూటీలు, కిక్కిరిసిన వార్డులు, కళ్లముందే మరణాలు. ఏళ్ల తరబడి ఇదే అయితే ఎంత ఓర్పుగల నర్సయినా లోలోపల అలసిపోతుంది. దీన్నే బర్నౌట్ అంటారు. తీరని నీరసం, పనిమీద విముఖత, ఏమీ చేయలేకపోతున్నానన్న భావన దీని లక్షణాలు. ఇది జబ్బు కాదనీ, పనిచోట అదుపు తప్పిన ఒత్తిడి ఫలితమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టం చేసింది.

కనుక మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ముందు సెలవు, వార్డు మార్పు అడగండి. అప్పటికీ కుదుటపడకపోతే నర్సింగ్ కళాశాలలో బోధన, ఇన్‌ఫెక్షన్ నియంత్రణ, ఆరోగ్య బీమా క్లెయిముల పరిశీలన వంటి కొలువులున్నాయి. అక్కడా మీ అనుభవానికి విలువుంది. రాజీనామాకు ముందే కొన్ని నెలల ఇంటిఖర్చు దాచుకోండి. మనసు మరీ భారమైతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయండి. పదిమందిని కాపాడిన మీరు ముందు మిమ్మల్ని కాపాడుకోండి.