‘ఇది మీ ఇంటి గొడవ’: శరణు దొరకని స్త్రీలు, కోర్టు అప్పీళ్ళు

(మహిళా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భర్త కొట్టాడని పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన స్త్రీకి మొదట వినిపించే మాట ఏమిటో మనందరికీ తెలుసు. ‘ఇది మీ ఇంటి గొడవ, ఇంట్లోనే తేల్చుకోండి.’ 1983లో 498-ఎ సెక్షన్ వచ్చింది. 2005లో గృహహింస చట్టం వచ్చింది. అయినా ఆ మాట ఇంకా వినబడుతూనే ఉంది.

ప్రాణభయంతో దేశం దాటి వెళ్ళిన స్త్రీకి ఇదే మాట ఆ పరాయి దేశపు ప్రభుత్వం రాసిన ఉత్తరంలో ఎదురైతే? ‘మీకు జరిగింది కుటుంబ వ్యవహారం. మీరు శరణార్థి కారు. మిమ్మల్ని వెనక్కి పంపిస్తాం’ అని దాని సారాంశం అయితే? అలాంటి స్త్రీలు కోర్టుల్లో చేసిన పోరాటాల గురించి ఈరోజు చెప్పదలచుకున్నాను. అవి మనకు దూరపు కథలు కావు.

ముందు చట్టం సంగతి. శరణార్థి ఎవరో 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిర్వచించింది. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఏదైనా ఒక సామాజిక బృందానికి చెందడం - ఈ అయిదింటిలో ఒక కారణంగా పీడనకు గురవుతామన్న భయంతో దేశం విడిచిన వారు, సొంత ప్రభుత్వం నుంచి రక్షణ పొందలేనివారు శరణార్థులు. ఈ జాబితాలో ‘స్త్రీ అయినందువల్ల’ అన్నది లేదు. ఒప్పందం రాసినవారి మనసులో ఉన్నది ప్రభుత్వాన్ని ఎదిరించి జైలు తప్పించుకు వచ్చిన మగవాడు. ఇంట్లో తన్నులు తిని పారిపోయి వచ్చిన స్త్రీ ఆ చూపులో పడలేదు. అందుకే స్త్రీల అప్పీళ్ళన్నీ ‘సామాజిక బృందం’ అనే ఆ ఒక్క మాట చుట్టూ తిరిగాయి.

షా, ఇస్లాం కేసులుగా పేరుపడిన తీర్పు చూడండి. ఇద్దరూ పాకిస్తాన్ స్త్రీలు. ఒకామె టీచరు. బడిలో రెండు వర్గాల కుర్రవాళ్ళు కొట్టుకుంటుంటే అడ్డుపడింది. వారిలో ఒక వర్గం పగబట్టి ఆమె శీలం మీద నింద వేసింది. భర్త ఆ నింద నమ్మి ఆమెను కొట్టాడు, ఆసుపత్రి పాలయింది. రెండో ఆమెను భర్త ఇంట్లోంచి గెంటేశాడు. ఇంగ్లండ్ చేరిన కొద్దికాలానికే బిడ్డను కన్నది. వెనక్కి వెళితే వ్యభిచారం నేరం మోపుతారని ఇద్దరి భయం. జియా సైనిక పాలనలో 1979లో వచ్చిన హుదూద్ ఆర్డినెన్సులు ఆ నేరానికి ఘోరమైన శిక్షలు పెట్టాయి. (వాటిని కొంత మార్చిన చట్టం 2006లో గానీ రాలేదు. అందుకోసం అక్కడి స్త్రీలు ఎన్నో ఏళ్ళు వీధుల్లో పోరాడారు. తప్పు ఆ దేశపు స్త్రీలది కాదు, ప్రజలది కాదు, పాలకులదని మనం మరువకూడదు.)

బ్రిటిష్ అధికారులు ఇద్దరికీ శరణు నిరాకరించారు. అప్పీలు విన్న అధికారి కూడా కాదన్నాడు. పై ట్రిబ్యునల్ దగ్గర ఒకామె అప్పీలు వీగిపోయింది, రెండో ఆమెకు అప్పీలుకు అనుమతే దొరకలేదు. ఆమె హైకోర్టుకు వెళితే అక్కడొక న్యాయమూర్తి ఆమె మాట విన్నాడు. అప్పీల్ కోర్టు మళ్ళీ ఇద్దరినీ కాదంది. పాకిస్తాన్ స్త్రీలంతా కలిసికట్టుగా ఉండే ఒక బృందం కాదని దాని వాదన. చివరికి 1999 మార్చిలో, అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్, నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపు ఉండి, వీరిద్దరూ శరణార్థులేనని తీర్పు చెప్పింది. ఇంగ్లండ్ గడ్డ మీద కాలు పెట్టాక అప్పటికి ఒకరికి దాదాపు ఎనిమిదేళ్ళు, మరొకరికి దాదాపు ఏడేళ్ళు గడిచాయి.

ఆ తీర్పులో మనం గుర్తుంచుకోవలసిన విషయాలు రెండున్నాయి. బృందం కావడానికి అందరూ ఒకరికొకరు తెలిసి ఉండనక్కరలేదు, కలిసికట్టుగా ఉండనక్కరలేదు. సమాజమూ రాజ్యమూ వాళ్ళను విడదీసి తక్కువగా చూస్తే చాలు. ఇది మొదటిది. రెండోది, కొట్టింది భర్తే కావచ్చు. కానీ ఆమె స్త్రీ కాబట్టి రాజ్యం రక్షించనప్పుడు అది ఇంటి గొడవగా మిగలదు. లార్డ్ హాఫ్‌మన్ నాజీ జర్మనీ నుంచి ఒక పోలిక తెచ్చాడు. యూదు దుకాణదారు మీద పోటీ వ్యాపారులు దాడి చేస్తారు. వాళ్ళకు కావలసింది వ్యాపారమే కావచ్చు. కానీ అతను యూదు కాబట్టే పోలీసులు కదలరు. అది పీడన కాదా?

తీవ్రమైన హాని ఒకటి, రాజ్యం రక్షణ ఇవ్వకపోవడం ఒకటి, ఈ రెండూ కలిస్తే పీడన - ఈ సూత్రం ఆయన సొంతం కాదు. శరణార్థి స్త్రీల కోసం పనిచేసే ఒక న్యాయ బృందం 1998లో తయారుచేసిన మార్గదర్శకాల నుంచి తీసుకున్నాడు. పాకిస్తాన్ స్త్రీల స్థితి మీద ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 1995లో రాసిన నివేదిక కూడా కోర్టు ముందు నిలిచింది. మనలాంటి వాళ్ళు ఆఫీసు బల్లల మీద రాసుకున్న కాగితాలు అత్యున్నత న్యాయస్థానపు తీర్పులోకి ఎక్కాయన్నమాట.

ఇక నమ్మకం సంగతి. ఆఫ్రికాలోని టోగో దేశం నుంచి ఫౌజియా కసింద్జా అనే 17 ఏళ్ళ అమ్మాయి 1994 డిసెంబరులో అమెరికా చేరింది. తండ్రి పోయాక బంధువులు ఆమెకు బలవంతపు పెళ్ళి తలపెట్టారు, జననాంగాలు కోయించబోయారు. విమానాశ్రయంలోనే తన పాస్‌పోర్టు తనది కాదని నిజం చెప్పింది. ఫలితం, ఏడాదికి పైగా నిర్బంధం. మొదట విన్న జడ్జి ఆమె మాట నమ్మలేదు. 1996 జూన్‌లో అప్పీలు బోర్డు నమ్మింది, శరణు ఇచ్చింది. రికార్డుల్లో ఆమె పేరు కూడా తప్పుగా ‘కసింగ’ అని పడింది. చరిత్రకెక్కిన ఆ తీర్పు నేటికీ ఆ తప్పు పేరుతోనే ఉంది.

‘ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?’ అత్యాచారం కేసుల్లో మనం వినే ఈ ప్రశ్నే శరణు కేసుల్లోనూ ఎదురవుతుంది. పక్కన భర్త ఉంటే, దుబాసీ మగవాడైతే, ఏ స్త్రీ నోరు విప్పగలదు? తర్వాత అప్పీలులో చెబితే ‘కొత్తగా అల్లిన కథ’ అంటారు. ఇలాంటి ఇబ్బందులను లెక్కలోకి తీసుకోవాలని కెనడా 1993లోనే మార్గదర్శకాలు రాసుకుంది.

గెలిచినది నిలుస్తుందా? నిలబెట్టుకోవాలి. భర్త హింస నుంచి పారిపోయిన గ్వాటెమాలా స్త్రీకి అనుకూలంగా 2014లో అమెరికా అప్పీలు బోర్డు ఇచ్చిన తీర్పును 2018లో అటార్నీ జనరల్ కొట్టేశాడు. 2021లో మరొకరు వచ్చి ఆ కొట్టివేతను రద్దు చేశారు. 2025లో మళ్ళీ పాత వైఖరే వచ్చింది. అదే కాలంలో యూరోపియన్ యూనియన్ కోర్టు ఎదురు దారిలో నడిచింది. ఒక దేశపు స్త్రీలందరినీ ఒక సామాజిక బృందంగా చూడవచ్చని 2024 జనవరిలో చెప్పింది.

మరి మన దేశం? భారతదేశం 1951 ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థుల చట్టం లేదు. ఇంగ్లండులో నిరాకరిస్తూ ఉత్తరమైనా ఇస్తారు, అందులో కారణాలు ఉంటాయి, వాటి మీద అప్పీలు ఉంటుంది. ఇక్కడ ఆ ఉత్తరమూ లేదు, అప్పీలూ లేదు. మిగిలింది రాజ్యాంగం, రిట్ పిటిషన్. అరుణాచల్‌లోని చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు, పౌరులైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ రాజ్యం కాపాడాలంది. 2021 ఏప్రిల్‌లో జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో అదే కోర్టు, 21వ అధికరణం అందరిదీ అంటూనే, పంపించివేతను ఆపలేదు. చట్టం చెప్పిన పద్ధతి పాటించి పంపమంది. ఆ మరుసటి నెలలోనే మణిపూర్ హైకోర్టు, నందితా హక్సర్ వేసిన పిటిషన్ మీద, పిల్లలతో సహా ఏడుగురు మయన్మార్ వాసులు ఢిల్లీలోని ఐక్యరాజ్య సమితి శరణార్థుల కార్యాలయానికి క్షేమంగా చేరే ఏర్పాటు చేయమంది. మన హైదరాబాదు బాలాపూర్ గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా తల్లులకు ఈ రెండు తీర్పుల మధ్య తేడా చావుబతుకుల తేడా.

అందుకని మన పనులు చెబుతాను. మీ దగ్గరకు వచ్చిన స్త్రీ చెప్పింది ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాయండి. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఆసుపత్రి చీటీ దాచండి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఏ రోజు, ఎవరు, ఏమన్నారో అదీ రాయండి. రాజ్యం రక్షించలేదనడానికి అదే సాక్ష్యం. రేపు విదేశంలో చిక్కుకున్న మన ఊరి అమ్మాయికి కూడా మీరు రాసిన కాగితమే అక్కరకు రావచ్చు. అప్పీలుకు గడువు తక్కువ. తిరస్కరణ వచ్చిన రోజునే వకీలు దగ్గరకు తీసుకెళ్ళండి, ఏడ్చి తేరుకున్నాక కాదు.

‘ఇది మీ ఇంటి గొడవ’ అన్న మాటను కాదనిపించడానికి ఆ ఇద్దరు స్త్రీలు మెట్టు మెట్టూ ఎక్కవలసి వచ్చింది. మొదటి మెట్టు మీదనే ఆ మాట ఆగిపోవాలంటే, అక్కడ ఆమె పక్కన మనం ఉండాలి.